అమెరికా పల్లె కౌంటీలో మనవాళ్లని అరెస్ట్ చేస్తే: రికార్డు ఎక్కడ వెతకాలి, దేన్ని నమ్మాలి

మిస్సోరీ రాష్ట్రంలో మేరీవిల్ అనే చిన్న ఊరుంది. నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ అక్కడ ఉండబట్టి తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లల్లో ఆ పేరు తెలుసు. ఆ ఊరున్న నాడవే కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మొత్తం జనాభా 2020 లెక్కల్లో 21 వేల చిల్లర. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ ఉన్న వారెన్స్‌బర్గ్, జాన్సన్ కౌంటీలో ఉంది. అది కాస్త పెద్దదే గానీ, ఊరు దాటితే పొలాలే. ఇలాంటి చోట రాత్రిపూట రూమ్మేట్‌ని పోలీసులు తీసుకెళ్లారని తెలిస్తే అందరికీ కాళ్లూ చేతులూ ఆడవు. వెంటనే గూగుల్‌లో పేరు కొట్టి పక్కన అరెస్ట్ అని రాస్తారు. పైన వచ్చేవి చాలావరకు డబ్బులడిగే ప్రైవేట్ సైట్లు. అసలు రికార్డున్న చోటు ఎక్కడో కింద ఉంటుంది, లేదా గూగుల్‌కి దొరకనే దొరకదు.

అందుకే ఉన్న దారులన్నీ పోల్చి, ఏది దేనికి పనికొస్తుందో రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మిస్సోరీవి. మిగతా రాష్ట్రాల్లో తేడా ఉన్న చోట చెబుతాను.

ముందు మీకు కావాల్సిందేమిటో తేల్చుకోండి

మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు? అతని మీద ఏం కేసు పెట్టారు? వాయిదా ఎప్పుడు? ఈ మూడింటికీ జవాబు ఒకే చోట దొరకదు. మొదటిది జైలు చెప్పాలి. మిగతా రెండూ కోర్టు చెప్పాలి. జైలు పేజీలో కనిపించే ఛార్జ్ అరెస్ట్ చేసిన ఆఫీసర్ రాసింది. ప్రాసిక్యూటర్ కోర్టులో వేసే ఛార్జ్ దానికంటే చిన్నది కావచ్చు, పెద్దది కావచ్చు, అసలు కేసే వేయకపోవచ్చు. జైలు పేజీ చూసి "మావాడి మీద ఫెలొనీ (పెద్ద నేరం) పెట్టారు" అని ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలను హడలగొట్టకండి.

ఇంకో సంగతి. పట్టుకున్న ప్రతి ఒక్కరినీ జైల్లో బుక్ చేయరు. స్పీడింగ్, లైసెన్స్ లేకుండా నడపడం, షాపులో చిన్న దొంగతనం ఆరోపణ లాంటి వాటిలో చాలాసార్లు చేతికి టికెట్ ఇచ్చి, ఫలానా తేదీకి కోర్టుకి రమ్మని వదిలేస్తారు. అప్పుడు జైలు రికార్డే ఉండదు. పేరు కనపడలేదంటే మనిషి మాయమైపోయాడని కాదు, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఏ మెక్‌డొనాల్డ్స్‌లోనో కూర్చుని ఉండొచ్చు.

షెరీఫ్ ఆఫీసు జైలు జాబితా

సిటీ పోలీసు పట్టుకున్నా, క్యాంపస్ పోలీసు పట్టుకున్నా, హైవే పెట్రోల్ పట్టుకున్నా చివరికి చేరేది సాధారణంగా కౌంటీ జైలుకే. దాన్ని నడిపేది షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద. చాలా షెరీఫ్ ఆఫీసులు తమ సైట్లో జైల్ రోస్టర్ అనో ఇన్‌మేట్ సెర్చ్ అనో ఒక జాబితా పెడతాయి. పేరు, వయసు, బుకింగ్ తేదీ, ఛార్జ్, బాండ్ (బెయిల్) మొత్తం, కొన్నిచోట్ల ఫొటో కూడా ఉంటాయి. ఉచితం, అధికారికం. మొదట చూడాల్సింది ఇదే.

మన పేర్లతో వచ్చే చిక్కంతా ఇక్కడే. జాబితాలో ముందు లాస్ట్ నేమ్, కామా, తర్వాత ఫస్ట్ నేమ్ ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసా మీద ఉన్న పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోతుంది, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (FNU, ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్స్‌లోనూ అదే వస్తే జైలువాళ్లు దాన్నే ఎక్కిస్తారు. మీరు "సాయికృష్ణ" అని ఫస్ట్ నేమ్ గడిలో కొట్టి దొరకలేదనుకుంటారు. అతను లాస్ట్ నేమ్ గడిలో "వెంకట సాయికృష్ణ"గా, పక్కన ఎఫ్‌ఎన్‌యూగా ఉంటాడు. పొడుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లని ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు కాబట్టి, లైసెన్స్ మీద ఎలా ఉందో రూమ్మేట్‌ని అడిగి అదే కొట్టాలి. అదీ తెలియకపోతే మొదటి మూడు అక్షరాలు మాత్రం ఇచ్చి చూడండి. ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి.

నా సలహా అడిగితే, పల్లె కౌంటీలో అసలు సెర్చ్ గడి జోలికే పోకండి. చిన్న జైల్లో ఉండేది పదుల సంఖ్యలో మనుషులు. జాబితాని బుకింగ్ తేదీ ప్రకారం పెట్టుకుని పైనుంచి కిందికి చదివేస్తే ఐదు నిమిషాల పని. పేరు ఎంత వికారంగా ఎక్కించినా మనపేరు మన కంటికి దొరికిపోతుంది. హ్యూస్టన్, డాలస్ లాంటి పెద్ద ఊళ్లలో ఈ వెసులుబాటు లేదు.

తేదీ విషయంలో కూడా జాగ్రత్త. శీతాకాలంలో హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలైతే మేరీవిల్‌లో ముందు రోజు రాత్రి 10:30. వేసవిలో ఆ తేడా గంట తగ్గుతుంది. ఇండియా నుంచి చూసేవాళ్లు "ఈ రోజు తేదీ లేదే" అని వదిలేస్తుంటారు.

జాబితా ఎక్కడ మోసపుచ్చుతుందో కూడా చెప్పాలి. బుకింగ్ పూర్తవడానికి గంటలు పట్టొచ్చు. వేలిముద్రలు, ఫొటో, సామాను లెక్క అయ్యేదాకా పేరు ఎక్కదు. పేజీ ఎంతసేపటికోసారి మారుతుందో కౌంటీని బట్టి ఉంటుంది. విడుదలైన మనిషి పేరు చాలా చోట్ల వెంటనే తీసేస్తారు, కాబట్టి నిన్నటి అరెస్ట్ ఈ రోజు కనపడకపోవచ్చు. కొన్ని చిన్న కౌంటీలకి సొంత జైలే ఉండదు, పక్క కౌంటీకి డబ్బు కట్టి అక్కడ పెడతారు. అప్పుడు మీరు వెతకాల్సింది పక్క కౌంటీ జాబితా. ఇంకొన్ని కౌంటీలు నెట్‌లో ఏదీ పెట్టవు.

కనెక్టికట్, రోడ్ ఐలండ్, డెలవేర్, వెర్మాంట్, హవాయిల్లో కౌంటీ జైళ్ల పద్ధతి లేదు, అన్నీ రాష్ట్రం చేతిలోనే. అక్కడ రాష్ట్ర కరెక్షన్ శాఖ సైట్ చూడాలి. మిస్సోరీ లాంటి చోట మాత్రం రాష్ట్ర కరెక్షన్ శాఖ సైట్లో వెతకడం దండగ. అందులో ఉండేది శిక్ష పడినవాళ్ల వివరాలు, రాత్రి పట్టుకున్నవాళ్లవి కాదు.

ఫోన్: చిన్న కౌంటీలో దీన్ని మించింది లేదు

ఎందుకో మనవాళ్లు షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేయడానికి జంకుతారు. మనమే ఎక్కడ ఇరుక్కుంటామోనని టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. జైలుకి ఫోన్ చేసి ఫలానా మనిషి మీ దగ్గరున్నాడా అని అడగడం అక్కడ రోజూ జరిగేదే. రాత్రి రెండింటికి చేసినా ఎవరో ఒకరు ఎత్తుతారు. నంబర్ మాత్రం కౌంటీ సొంత సైట్ నుంచే తీసుకోండి. 911కి చేయకండి, అది అత్యవసరాలకి.

పూర్తి పేరు, పుట్టిన తేదీ చేతిలో పెట్టుకుని చేయండి. తేదీ చెప్పేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పండి. "ఈజ్ దిస్ పర్సన్ ఇన్ యువర్ కస్టడీ?" అని మొదలుపెట్టి, ఉన్నాడంటే ఛార్జ్ ఏమిటి, బాండ్ ఎంత, క్యాష్ మాత్రమేనా లేక బాండ్స్‌మన్ (ఫీజు తీసుకుని బెయిల్‌కి పూచీ ఉండే వ్యాపారి) ద్వారా కట్టొచ్చా, వేరే హోల్డ్ ఏదైనా ఉందా, మొదటి వాయిదా ఎప్పుడు అని అడిగి రాసుకోండి. హోల్డ్ సంగతి మర్చిపోవద్దు. ఇమిగ్రేషన్ హోల్డ్ గానీ, ఇంకో కౌంటీ వారెంట్ గానీ ఉంటే బాండ్ కట్టినా మనిషి బయటికి రాడు. ముందు డబ్బు కట్టేసి తర్వాత తెలుసుకుంటే లాభం లేదు.

ఆ ఫోన్లో మీరు అడగాలి, అంతే. ఏం జరిగిందో మీరు వివరించబోకండి. అతను జైలు నుంచి చేసే ఫోన్ కూడా రికార్డవుతుంది, కాబట్టి కేసు గురించి ఒక్క మాట వద్దు. జైలు ఫోన్లు సాధారణంగా ఇండియా నంబర్లకి కలవవు. అందుకే అమెరికాలో ఉన్న స్నేహితుడొకడు ముందుండి నడిపించాలి. ఇంటివాళ్లు అతని ద్వారా మాట్లాడటం మంచిది.

హైవే మీద పట్టుకుంటే

మిస్సోరీ స్టేట్ హైవే పెట్రోల్ తన అరెస్టుల్ని సొంత సైట్లో పెడుతుంది. కొద్ది రోజుల వివరాలే ఉంటాయి, కాబట్టి ఆలస్యం చేయొద్దు. పేరు, వయసు, ఊరు, అరెస్ట్ సమయం, కౌంటీ ఒక వరుసలో ఉంటాయి. లోపలికి వెళితే ఛార్జ్, ఏ జైల్లో ఉంచారు, 24 గంటల హోల్డా, బాండబులా, లేక అక్కడికక్కడే వదిలేశారా అన్నది కూడా కనిపిస్తుంది. డ్రంక్ డ్రైవింగ్, ఓవర్ స్పీడ్ కేసుల్లో షెరీఫ్ జాబితా కంటే ఇదే మేలు, ఎందుకంటే విడుదలైనవాళ్లు కూడా ఇందులో ఉంటారు. సిటీ పోలీసులో, షెరీఫ్ మనుషులో పట్టుకుంటే మాత్రం ఇక్కడ ఏమీ దొరకదు.

కోర్టు రికార్డు: అసలు కేసు ఇక్కడుంటుంది

మిస్సోరీ కోర్టులన్నిటికీ కేస్‌నెట్ అనే ఉచిత సైట్ ఉంది. పేరుతో వెతికితే సరిపోతుంది. కోర్టుల పరిధిని సర్క్యూట్లంటారు. నాడవే కౌంటీ నాలుగో సర్క్యూట్‌లో, జాన్సన్ కౌంటీ పదిహేడో సర్క్యూట్‌లో ఉన్నాయి. సర్క్యూట్ ఎంచుకుని వెతికితే అదే పేరున్న వేరేవాళ్ల కేసులు తగ్గుతాయి. కేసు తెరిస్తే పార్టీలు, లాయర్లు ఒక చోట, డాకెట్ ఎంట్రీలు ఒక చోట, ఛార్జ్‌లు ఒక చోట, వాయిదాలు ఒక చోట ఉంటాయి. చదవాల్సింది డాకెట్. బాండ్ షరతులు, జడ్జి ఇచ్చిన ఆర్డర్లు తేదీలవారీగా ఉండేది అందులోనే. ట్రాక్ దిస్ కేస్ నొక్కి ఈమెయిల్ ఇస్తే వాయిదా మారినప్పుడు కబురొస్తుంది. వాయిదా తప్పితే వారెంట్ వస్తుంది కాబట్టి ఇది తప్పక పెట్టుకోండి.

అరెస్టైన రాత్రి కేస్‌నెట్‌లో ఏమీ కనపడదు. వారెంట్ లేకుండా పట్టుకున్న మనిషిని మిస్సోరీ చట్టం ప్రకారం 24 గంటల్లో కేసు పెట్టాలి, లేదా వదిలేయాలి. అంటే మొదటి రోజంతా జైలు జాబితా, ఫోన్. రెండో రోజు నుంచి కేస్‌నెట్. ఈ వరుస పట్టుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

విస్కాన్సిన్, ఇండియానా, అయోవా, ఓక్లహోమాల్లో కూడా ఇలాంటి ఉచిత కోర్టు సైట్లున్నాయి. టెక్సాస్‌లో 254 కౌంటీలు, ఒక్కో కౌంటీది ఒక్కో దారి. అక్కడ ఆ కౌంటీ క్లర్క్‌, డిస్ట్రిక్ట్ క్లర్క్‌ల పేజీలు వేర్వేరుగా చూడాలి.

పెళ్లి సంబంధాల కోసం అబ్బాయి గురించి అమెరికా రికార్డులు వెతికించేవాళ్లు మనలో ఉన్నారు. తప్పనను. కానీ చూస్తే కోర్టు రికార్డే చూడండి, అదీ కేసు ఎలా ముగిసిందో చివరిదాకా చదవండి. మన పేర్లు ఒకేలాంటివి వందలుంటాయి. పుట్టిన సంవత్సరం, ఊరు కలవకుండా ఇతనే అనుకోకండి. అరెస్ట్ జాబితాలో ఫొటో ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. నిప్పు లేనిదే పొగ రాదనే మాటతో ఒకరి బతుకు తేల్చేయడం అన్యాయం.

వైన్ (VINE) కబురు సేవ

1993 డిసెంబర్‌లో కెంటకీలోని లూయివిల్‌లో ఒక అమ్మాయిని ఆమె మాజీ ప్రియుడు కాల్చి చంపాడు. ఆమె మీద చేసిన దాడి కేసులో అతను జైల్లో ఉన్నాడనే అందరూ అనుకుంటున్నారు. విడుదలైనట్టు ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత 1994లో అక్కడే మొదలైన సేవ వైన్. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది.

వైన్‌లింక్ సైట్లో రాష్ట్రం ఎంచుకుని పేరు కొడితే మనిషి కస్టడీలో ఉన్నాడా లేదా అన్నది చెబుతుంది. కేసు వివరాలు పెద్దగా ఉండవు. సొంత జాబితా పెట్టని పల్లె కౌంటీ కూడా దీనికి సమాచారం ఇస్తుండవచ్చు, కాబట్టి రెండో దారిగా పనికొస్తుంది. కానీ దీని అసలు విలువ బాధితులకి. భర్త కొడితే 911కి ఫోన్ చేసి, అతన్ని తీసుకెళ్లాక ఒంటరిగా అపార్ట్‌మెంట్లో మిగిలిన అమ్మాయికి, అతను ఎప్పుడు బయటికొస్తాడో తెలియడం ప్రాణానికి సంబంధించిన విషయం. వైన్‌లో నమోదు చేసుకుంటే విడుదలైనప్పుడు ఫోన్‌కి, మెసేజ్‌గా, ఈమెయిల్‌గా కబురొస్తుంది. నమోదు చేసుకున్నట్టు అతనికి తెలియదు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఆ పరిస్థితిలో ఉంటే ఈ ఒక్క పనీ ఈ రోజే చేయించండి. అయినా మెసేజ్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా జైలుకి కూడా ఫోన్ చేసి కనుక్కుంటూ ఉండాలి.

జాబితాలోంచి పేరు పోయింది, మనిషి ఇంటికి రాలేదు

ఇప్పుడు ఎక్కువమంది భయపడేది దీనికే. జైలు రికార్డులో విడుదల అని ఉంటుంది, ఫోన్ మాత్రం కలవదు. ఐస్ (ICE, అమెరికా ఇమిగ్రేషన్ పోలీసు విభాగం) అధికారులు తీసుకెళ్లి ఉండొచ్చు. ఇమిగ్రేషన్ డీటైనర్ ఉంటే, వదలాల్సిన సమయం తర్వాత 48 గంటల దాకా ఉంచమని ఐస్ జైలుని కోరుతుంది. ఆ తర్వాత వెతకాల్సింది ఐస్ వాళ్ల ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్. ఎ-నంబర్ (A-Number, ఇమిగ్రేషన్ శాఖ విదేశీయులకి ఇచ్చే గుర్తింపు నంబర్), పుట్టిన దేశం ఇస్తే తేలిగ్గా దొరుకుతుంది. లేదంటే పేరు, పుట్టిన దేశం. పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకదు కాబట్టి పైన చెప్పిన ఎఫ్‌ఎన్‌యూ తిప్పలు ఇక్కడ ఇంకా ఎక్కువ. ఎఫ్-1 విద్యార్థులకి మామూలుగా ఎ-నంబర్ ఉండదు, కానీ ఓపీటీ కార్డు (చదువుకు సంబంధించిన పని చేయడానికిచ్చే అనుమతి కార్డు) తీసుకున్నవాళ్లకి ఆ కార్డు మీదే యూఎస్‌సీఐఎస్ నంబర్‌గా ఉంటుంది. మీ కార్డు ఫొటో ఒకటి నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచండి.

2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో ఇదే కళ్లారా చూశాం. అది ప్రభుత్వమే పెట్టిన నకిలీ యూనివర్సిటీ. అరెస్టైన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, చాలామంది తెలుగు పిల్లలు. వేర్వేరు రాష్ట్రాల్లో ఉంచడంతో ఎవరు ఎక్కడున్నారో తెలియక ఇక్కడి తల్లిదండ్రులు అల్లాడిపోయారు. భారత రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది.

కాన్సులేట్ సాయం కావాలంటే లోపలున్న మనిషి అడగాలి. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఆ హక్కు ఇస్తుంది, కానీ భారతీయుల విషయంలో అడిగితేనే కబురు వెళ్తుంది, దానంతటది వెళ్లదు. మిస్సోరీకి షికాగో కాన్సులేట్. ఇండియాలో ఉన్నవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేయొచ్చు.

డబ్బులడిగే సైట్లు

వీటి గురించి నా మాట ఒక్కటే: వద్దు. ఇవి కౌంటీ జాబితాల్లోంచి ఎత్తుకున్న పాత సమాచారం అమ్ముతాయి. కేసు కొట్టేసినా ఆ ఫొటో అక్కడే ఉంటుంది. కొన్ని సైట్లు ఫొటో తీసేయడానికి వందల డాలర్లు గుంజేవి. 2018లో కాలిఫోర్నియా ప్రభుత్వం అలాంటి ఒక సైట్ నడిపేవాళ్ల మీద బెదిరింపు వసూళ్ల కేసులు పెట్టింది. జార్జియా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు దీని మీద చట్టాలే చేశాయి. మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పే శక్తి ఈ సైట్లకి లేదు. అది తెలిసిన జైలు ఉచితంగా చెబుతుంది.

ఇంటికి ఫోన్ చేసి "మీవాడు జైల్లో ఉన్నాడు, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అనే మోసాలూ ఉన్నాయి. ఏ జైలూ, ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులతో బాండ్ తీసుకోదు. పెట్టేసి, కౌంటీ సైట్లో ఉన్న నంబర్‌కి మీరే చేయండి.

జైలు పేజీ స్క్రీన్‌షాట్‌ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా ఆపాలి. సాయం చేస్తున్నామనుకుని ఒకరు పెడితే రాత్రికి రాత్రి ఊరందరికీ చేరుతుంది. కేసు కొట్టేశాక ఆ స్క్రీన్‌షాట్లన్నీ ఎవరు వెనక్కి తెస్తారు?

కేసు అయ్యాక

మిస్సోరీలో అరెస్టైన 30 రోజుల్లోపు కేసు పెట్టకపోతే ఆ అరెస్ట్ రిపోర్ట్ జనానికి మూసేస్తారు. కానీ కోర్టులో మూసేసిన రికార్డు ఇమిగ్రేషన్‌కి మూసినట్టు కాదు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దైనప్పుడు, పోలీసు డేటాబేస్‌లో పేరు తగలడమే కారణమైంది. కేసులు కొట్టేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. కోర్టులకెక్కిన తర్వాతే తిరిగి పెట్టారు. చిన్న కేసే కదా అని నేరం ఒప్పేసుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. స్థానిక కోర్టు శిక్ష వేయకుండా ప్రొబేషన్‌తో సరిపెట్టినా, ఒప్పుకున్నందుకు ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరం రుజువైనట్టే లెక్కేయగలదు. క్రిమినల్ లాయర్ ఈ సంగతి చెప్పాల్సిందేనని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వీసా ఫారం డీఎస్-160 ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతుంది. కేసు పోయినా అవును అనే రాయాలి, రుజువు చూపాలి. అందుకని కేసు ముగిసిన వారంలోనే సర్క్యూట్ క్లర్క్ ఆఫీసుకెళ్లి కోర్టు ముద్ర ఉన్న డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం) కాపీలు రెండు తీసుకోండి. రికార్డు మూసేశాక అవి రాబట్టుకోవడం కష్టం. ఒకటి మీ దగ్గర పెట్టుకుని రెండోది ఇండియాలో ఇంటికి పంపండి, స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు అడిగేది దాన్నే.